అంచుల రంగు

"అంతా తెలుపేనా?" అన్నాడు రంగుల కొట్లో స్టూలు మీద కూర్చున్న పెద్దాయన.

కోడలికి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ మాట్లాడుతున్నది కొట్టతనితో, ఈయనతో కాదు.

వాళ్ళ అత్తగారికి చూపు మసకబారి ఏడాదయింది. మొన్నామధ్య వేడి పాలు చేతిమీద ఒలకబోసుకున్నాక, ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని కొడుకు గట్టిగా చెప్పేశాడు. నలభై ఏళ్ళు ఏలిన వంటిల్లు చేజారేసరికి పెద్దావిడ హాల్లో కుర్చీకి అతుక్కుపోయింది. మాట కూడా తగ్గించేసింది.

కోడలు అది చూడలేకపోయింది. కాపురానికొచ్చిన కొత్తలో తను కూరలో రెండుసార్లు ఉప్పేస్తే, "నాకిలాగే ఇష్టం" అంటూ మారు వడ్డించుకున్న మనిషి ఆవిడ.

వంటిల్లు మసిబారి గుహలా ఉండబట్టే ఆవిడకేమీ కనబడటం లేదని కోడలు తీర్మానించింది. పనివాళ్ళెందుకు, రంగులు తనే వేస్తానంది. గోడలు తెలుపు, అల్మరాలు తెలుపు, గట్టు మీద పరిచే షీటూ తెలుపే.

అదంతా కొట్టతనికి చెబుతుంటేనే పెద్దాయన అడ్డొచ్చాడు. పైగా మనిషి మొహమైనా చూడకుండా, వీధివైపు తిరిగి మాట్లాడటం ఒకటి.

"తెలుపులో తెలుపు కలిసిపోతుంది తల్లీ. ఆవిడకి పొగమంచులో వండుకున్నట్టుంటుంది. అంచులకి ముదురు రంగు వెయ్యండి."

"రంగులు చూసే కళ్ళు మాకూ ఉన్నాయి బాబాయిగారూ."

ఆయన నొచ్చుకోలేదు. ముదురు కాఫీరంగు చిన్న డబ్బా ఒకటి కోడలి సంచిలో వేయించాడు. అక్కర్లేకపోతే తెచ్చి ఇచ్చేయమన్నాడు.

నాలుగు రోజులు పట్టింది పని. జిడ్డు కడగడానికే ఒక రోజు, పాత రంగు గీకడానికి ఇంకో రోజు. భర్త సాయానికొచ్చి గోడకెంత పూశాడో తన నెత్తికీ అంత పూసుకున్నాడు.

వాళ్ళమ్మ కళ్ళు చికిలించి చూసి, "అచ్చం మీ నాన్నలా అయిపోయావేరా" అంది.

చాలా రోజులకి ఆవిడ నోట్లోంచి వచ్చిన హాస్యం. కోడలికి కొండంత బలమొచ్చింది.

అయిదోరోజు వంటిల్లు తళతళలాడింది. చెయ్యి పట్టుకుని అత్తగారిని లోపలికి తీసుకొచ్చింది.

"ఎంత వెలుతురు పెట్టావే తల్లీ" అని మురిసిపోయింది ఆవిడ. రెండడుగులు వేసి ఆగిపోయింది. గట్టు ఎక్కడ మొదలవుతుందో, గోడ ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. చేతిలో కప్పు గట్టు మీదే పెట్టాననుకుంది.

కప్పు కిందపడి ముక్కలైంది.

ఆవిడ నెమ్మదిగా వెనక్కి తిరిగి, "కాఫీ నువ్వే పెట్టమ్మా" అని తన కుర్చీలోకి వెళ్ళిపోయింది.

కోడలు ముక్కలు ఏరి పారేసింది. తర్వాత సంచిలోంచి ఆ చిన్న డబ్బా తీసింది.

గట్టు అంచు. అరల అంచులు. అల్మరా పిడులు. స్విచ్చుల చుట్టూ. కాపీ పుస్తకంలో మార్జిన్లు గీసినట్టుందని భర్త మూతి తిప్పాడు. కోడలు వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున గిన్నెల చప్పుడుకి మెలకువొచ్చి, గాభరాగా పరుగెత్తింది.

అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మూడు కప్పులు గట్టు మీద బుద్ధిగా వరసలో ఉన్నాయి.

"అంచు కనబడితే చాలే అమ్మాయ్. మిగతాది నాకు తెలిసిన వంటిల్లేగా."

వద్దన్న కొడుకు రెండు కప్పులు తాగి నోరు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కోడలు కొట్టుకి వెళ్ళింది. ఆ రోజు పెడసరంగా మాట్లాడినందుకు మన్నించమందామని, వీలైతే ఇంటికి పిలిచి అత్తగారి చేత్తో కాఫీ ఇప్పిద్దామని.

స్టూలు ఖాళీగా ఉంది.

మొన్ననే కూతురొచ్చి తన దగ్గరికి తీసుకెళ్ళిపోయిందన్నాడు కొట్టతను. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే రంగులు కలిపిన మనిషట. పని మానేశాక కూడా ఆ వాసన కోసం రోజూ వచ్చి కూర్చునేవాడట.

"అంచుల సంగతి ఆయనకెలా తెలుసు?" అంది కోడలు.

కొట్టతను స్టూలువైపు చూశాడు.

"ఆయన చూపు మసకబారుతున్నప్పుడు వాళ్ళావిడ ఇల్లంతా అలాగే వేసిందమ్మా; ఇప్పుడా అంచులు కూడా కనబడక రెండేళ్ళయింది ఆయనకి."