తేలని పడవ

"ఆశన్నా, పడవ తియ్యి! భూమవ్వకు నొప్పులొచ్చినయ్. బిడ్డ అడ్డం తిరిగిందట, మంత్రసాని నాతోని కాదన్నది!" అని ఉరుక్కుంట వచ్చిన.

పడవ నడిపే ఆశన్న కాలువ బురదల నిలబడి నా మొహం చూసిండు.

"యాడ తియ్యాలె తమ్మీ? నీళ్లేవి?"

నిజమే. ఒండ్రు తియ్యనీకి పొద్దుగాల మేమే ఎగువన అడ్డకట్ట వేసి కాలువను ఎండబెట్టినం. ఇంటికొకరు, నలభై మంది, కూలి అడగకుండ పారలు పట్టుకొని వచ్చిన్రు. బాన్సువాడ దవాఖానకు బాట మీదికెల్లి పోదామంటే నడుమ వాగు పొర్లుతుంది. 1938 ఆషాఢం అది, వాన ఇడువలె.

"కట్ట తెంపుర్రి!" అని మొత్తుకున్న. పదిమంది ఎగువకు ఉరికిన్రు.

భూమవ్వను మంచంతోని పడవల పెట్టినం. అందరం చేతులేసి నూకినం. పడవ నాలుగు బారలు జరిగి బురదల కూసున్నది.

నీళ్లు వచ్చినయ్. పాకే పిల్ల లెక్క మెల్లగ వచ్చి, మా పాదాలు తడిపినయ్.

"మోకాలి మీదికి వస్తెనే తేలుతది" అన్నడు ఆశన్న. "మాపటిదాంక పడ్తది."

కొంచెం సేపటికి భూమవ్వ అరుపు ఆగింది. మంత్రసాని నా దిక్కు చూడలె.

ఒక్కరు సుత నన్ను ఏమనలె. "నా పెండ్లాం భూమవ్వ కాన్పుకు ఇంక నెల దినాలున్నది, అప్పటికి పడవ తొవ్వ మంచిగ చేద్దాం రండ్రి" అని ఇల్లిల్లు తిరిగి వాళ్లందరిని పిలుచుకొచ్చింది నేనే.