ప్లగ్గు పీకే పెద్దాయన

కరెంటు పోయింది.

తన్వీర్ చేతిలోని కటింగ్ మిషను చెక్క మధ్యలోనే మూలిగి ఆగిపోయింది. శుక్రవారానికల్లా పెళ్లివారికి డబుల్ కాట్ మంచం అప్పజెప్పాలి. ఇవాళ మంగళవారం. నరసరావుపేటలో ఆ ఎండాకాలమంతా కరెంటుది ఇదే వరస.

మిషను బల్ల మీద పడేసి, మంచినీళ్లు తాగడానికి ఇంట్లోకి వెళ్లాడు. తిరిగి పెరట్లోని రేకుల షెడ్డులోకి వచ్చేసరికి ఆ పెద్దాయన ఉండనే ఉన్నాడు.

పేరు ప్రభాకరరావు. చర్చి వీధిలోకి కొత్తగా అద్దెకు దిగాడు. ఏదో ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. అంతకు మించి తన్వీర్‌కి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

కరెంటు ఉన్నంతసేపు ఈయన జాడ ఉండదు. పోయిందంటే అయిదు నిమిషాల్లో ప్రత్యక్షం. వచ్చీ రాగానే గోడ దగ్గరికి వెళ్లి మిషను ప్లగ్గు పీకేస్తాడు.

ఇప్పుడూ అదే పని చేశాడు.

"ఏంది సారూ ఇది? వచ్చినప్పుడల్లా పీకుతారు!"

"మిషను స్విచ్ ముందుకే ఉంది బాబూ. నువ్వు ఆపలా. కరెంటు ఆగిందంతే."

"ఏదో ఒకటి ఆగింది గదా!"

"అది మళ్లీ వచ్చేటప్పుడు నీకు చెప్పి రాదు."

ఆ మిషను స్విచ్ ఒకసారి ముందుకు నెడితే అక్కడే ఉండిపోతుంది. పట్టుకుని నొక్కే బాధ లేదు. కరెంటు పోయినప్పుడు దాన్ని వెనక్కి లాగాలన్న సంగతి తన్వీర్‌కి ఏనాడూ గుర్తుండదు. పైగా బ్లేడు మార్చేది కూడా కరెంటు లేనప్పుడే. పని ఎటూ ఆగింది కదా, ఆ టైము కలిసొస్తుందని అతని తెలివి.

అరగంటకి షెడ్డులో ఫ్యాను తిరిగింది. తన్వీర్ ఆత్రంగా మిషను అందుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. స్విచ్ వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు ఆడించాక గానీ ప్లగ్గు సంగతి గుర్తురాలేదు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. పెళ్లివారు. పొద్దుటి నుంచి ఇది ఏడోసారి.

ఇంకా అక్కడే కూర్చుని ఉన్న పెద్దాయన్ని చూసి తన్వీర్‌కి తిక్క రేగింది.

"ఇంట్లో పొద్దుపోకపోతే టీకొట్టు కాడ కూర్చోండి సారూ! నా మిషను జోలికి రావాకండి. ఇంకోసారి మా గేటు లోపలికొస్తే మర్యాదగా ఉండదు."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. నెమ్మదిగా చెప్పులేసుకున్నాడు.

"రాన్లే బాబూ. ఆ ప్లగ్గు మాత్రం నువ్వే పీక్కో. అదొక్కటి చెయ్."

తన్వీర్ భార్య సాదియా వంటింట్లోంచి అంతా వింది.

"మీ నాన్న వయసుంటది ఆయనకి. అట్టాగేనా మాట్టాడేది?"

"వయసుంటే సరిపోద్దా? పని చెడగొట్టే మనిషి!"

గురువారం పదకొండింటికి మళ్లీ కరెంటు పోయింది.

అలవాటు కొద్దీ తన్వీర్ గేటు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. పీడ విరగడైందని నవ్వుకున్నాడు కూడా.

బ్లేడు మొద్దుబారింది. మిషను ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో బ్లేడు పట్టుకుని, కుడిచేత్తో నట్టు తిప్పబోయాడు. బిగుసుకుపోయి ఉంది. మీదికి వంగి, పళ్లు బిగబట్టి తిప్పాడు.

ఫ్యాను తిరిగింది. ఒళ్లో మిషనూ తిరిగింది.

కేక విని సాదియా పరుగెత్తుకొచ్చేసరికి ఎడమచేతి వేళ్లు మూడు రంపపు పొట్టులో పడి ఉన్నాయి.

వాటిని అతికించడం డాక్టర్ల వల్ల కాలేదు. పెళ్లివారు మంచం వేరే చోట చేయించుకున్నారు. ఇరవై రోజులకి కట్టు విప్పితే, చెక్కని అదిమి పట్టాల్సిన చెయ్యి గ్లాసుని కూడా పట్టలేకపోయింది. ఇక ఏం పని చేసి ఇల్లు గడపాలో తన్వీర్‌కి తోచలేదు.

చెయ్యి చాచి ప్లగ్గు పీకితే పోయేదానికి, పీకే మనిషినే తరిమేశాడు. అది తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆ సాయంత్రమే చర్చి వీధికి వెళ్లాడు.

తలుపు తీసింది పెద్దాయన భార్య జ్ఞానమ్మ. అతని చెయ్యి చూసి ఎవరో పోల్చుకుంది.

"సారున్నారా అమ్మా? కాళ్ల మీద పడదామని వచ్చా."

"ఉన్నాడు నాయనా. నీ సంగతి తెలిసిన కాణ్ణుంచి గదిలోంచి బయటికి రావట్లా. ఎవురితోనూ మాట్టాడట్లా."

తన్వీర్ తల దించుకున్నాడు.

"ఆ రోజు కరెంటు పోంగానే బయల్దేరాడయ్యా. మీ వీధి మలుపు దాకా వచ్చి, రావద్దన్నావు గదాని ఎనక్కి తిరిగాడంట. ఇంట్లో అడుగు పెట్టాడో లేదో కరెంటు వచ్చింది. ఇంకో పది అడుగులేస్తే ఆ పిల్లోడి చెయ్యి మిగిలేదని ఒకటే ఏడుపు."

తన్వీర్ గడప మీద కూర్చున్నాడు.

"తప్పు నాదమ్మా. నోరు పారేసుకుంది నేను. ఆయనెందుకమ్మా ఇంత బాధపడటం? ఆయనకి నేనేమవుతానని?"

జ్ఞానమ్మ లోపలి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా అబ్బాయి జీవన్‌దీ నీ వడ్రంగం పనేనయ్యా. పదేళ్లయింది. వాడూ నీకు మల్లే కరెంటు లేదని బ్లేడు మారుస్తా కూర్చున్నాడు. మిషను తిరిగి తొడ తెగింది. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం ఆగలా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ పూట సబ్‌స్టేషన్లో డ్యూటీలో ఉండి, మా ఊరి లైనుకి కరెంటిచ్చింది ఈయనే నాయనా."