ఆవిరి ఎక్కణ్ణుంచి?

దక్షిణ కొరియాలో, ఉల్సాన్‌లోని రసాయనాల ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ప్రెసిడెంట్ తక్ సేహున్, యాసిడ్ యూనిట్ మూసివేత కాగితాన్ని దాని ఫోర్‌మన్ ప్యో ముందుకు జరిపాడు.

"కంపెనీ పెరగాలంటే నష్టాల యూనిట్‌ని వదిలించుకోవాలి. మీ నలభైమందినీ పంపించక తప్పదు, ప్యో గారూ."

"అలాగే సార్. మరి రంగుల యూనిట్‌కి, జిగురు యూనిట్‌కి ఆవిరి ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"ఇప్పుడెక్కణ్ణుంచి వస్తోంది?"

"మా యాసిడ్ తయారీలో పుట్టే వేడి నుంచే. ఇరవై ఏళ్లుగా ఊరికే ఇస్తున్నాం."

తక్ తన ముందున్న నష్టాల రిపోర్టు మొత్తం తిరగేశాడు. ఆవిరి ఊసే లేదు. చెవులు వేడెక్కాయి.

"ఎవరూ చెప్పలేదేం?"

"మీటింగులకి లాభాలొచ్చే యూనిట్లవాళ్లనే పిలుస్తారు సార్."

తక్ కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"పదింటికి మీటింగుంది. ఈ మాట మీరే చెప్పండి."

"ఈ యాసిడ్ మరకల బూట్లతోనా సార్?"

"వాటితోనే రండి."