నాలుగో పాదం

"ఇవాళ ఎవరైనా కునుకు తీశారో, ఊరుకోను! ఇది నా ఆఖరి పాఠం!" అంది ప్రొఫెసర్ లోరెయిన్ హాల్‌స్టెడ్.

అనాపొలిస్ నౌకాదళ అకాడమీలోని ఆ హాలు ఘొల్లున నవ్వింది.

అమెరికా నౌకాదళ చరిత్ర మీద ఆవిడది ముప్పై ఏళ్ల కృషి. అందులో సగం ఒక్క కాగితం మీదే.

ఆ కాగితం తెర మీదికొచ్చింది. యుద్ధకాలం నాటి ఓ ఓడ లాగ్‌బుక్‌లోని, అంటే రోజువారీ నమోదు పుస్తకంలోని పేజీ. పెన్సిల్ రాత, ప్రతి అక్షరమూ ఎడమకి వాలి ఉంది. కొత్త సంవత్సరం మొదటి గంటల వివరాలు కవితగా రాయడం నౌకాదళంలో ఆనవాయితీ. ఆ అర్ధరాత్రి పాత ఏడుకి ఎనిమిది, కొత్త ఏడుకి ఎనిమిది గంటలు కొట్టడమూ అంతే.

ఆవిడ గొంతెత్తి చదివింది.

"గంట పదహారుసార్లు మోగింది, పాత ఏడు ఇక లేదు.
లంగరు దించి ఉన్నాం, కెప్టెనుకు నిద్ర లేదు.
దీపాలన్నీ ఆర్పాం, కప్పులో కాఫీ లేదు..."

"నాలుగో పాదం ఉప్పునీళ్లకి చెరిగిపోయింది. దానికోసం నేను తిరగని ఊరు లేదు, తట్టని తలుపు లేదు! పోనీ, కవి దొరికాడు. కింద సంతకం చూడండి, లెఫ్టినెంట్ వికర్స్! రేపే నా పుస్తకం అచ్చుకెళ్తోంది!"

చప్పట్లు హోరెత్తాయి.

వెనక వరసలో ఓ ముసలాయన లేచాడు. చేతిలో సగం కొరికిన డోనట్.

"ఆఫీసర్లు రాయరు మేడమ్. రాసేది కింద పనిచేసే నావికుడు. పైవాళ్లు సంతకం గీకుతారంతే."

"అలాగా! మీరేం చదివారు పెద్దాయనా?"

"పదో తరగతి. అదీ సగమే."

మళ్లీ నవ్వులు.

"ఆ నాలుగో పాదం సంగతి..."

"ప్రశ్నలు చివర్లో! ముందు ఆ డోనట్ కానివ్వండి."

"నాలుగింటికి నా బస్సు మేడమ్," అంటూ కూర్చున్నాడు.

పాఠం ముగిసింది. హాలంతా లేచి నిలబడింది. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

సహాయకుడు డెనిస్ వచ్చి ఆహ్వానపత్రం ఒకటి అందించాడు. "డోనట్ తాతగారు మీకిమ్మన్నారు."

దాని వెనక ఒక్క వాక్యం.

"అమ్మకి రాయండెవరైనా, నాకు భయం లేదు."

ఆవిడ దాన్ని ఆ మూడు పాదాల చివర చేర్చి చదివింది.

"సరిపోయింది డెనిస్! అచ్చంగా సరిపోయింది! ఎవరి నోట విన్నాడో అడగాలి!"

మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తింది. బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది. కనీసం పేరైనా అడగలేదు.

వగరుస్తూ కాగితం మళ్లీ చూసింది.

ఏళ్ల తరబడి భూతద్దం పెట్టి చూసిన, ఎడమకి వాలే అవే పెన్సిల్ అక్షరాలు, కాకపోతే ఇప్పుడు కాస్త వణికాయి.