తలలేని పిట్ట

"పిట్టని నా వైపు గీస్తావా, నిచ్చెన లాగెయ్యమంటావా?" కింద నించుని అరిచాడు అన్న.

"అటు గీశావో, కూలి అటే అడుక్కో," నిచ్చెన రెండో కాలు పట్టుకుని తమ్ముడన్నాడు.

పైన కుంచె పట్టుకున్న పెయింటరు బిక్కమొహం వేశాడు. వాచీలు బాగుచేసే కొట్టు ఒక్కటే. మధ్యలో ప్లైవుడ్డు అడ్డం. ఇటు అన్న, అటు తమ్ముడు. ఇద్దరికీ మాటల్లేవు. తిట్టుకోవాలన్నా మూడోవాడు కావాలి. వాళ్ళ తాత వాచీల కేసులు, అంటే లోపలి యంత్రం చుట్టూ ఉండే డొప్పలు, తయారుచేసేవాడు. ప్రతి కేసు లోపలా ఆవగింజంత పిట్ట ముద్ర కొట్టేవాడు. ఇప్పుడా పిట్ట ఎవరి వాటా బోర్డు మీద వాలాలన్నదే తగువు.

సరిగ్గా అప్పుడే ఓ పెద్దమనిషి నిచ్చెన కిందనించి వంగి లోపలికొచ్చాడు. చేతిలో బరువైన సంచీ.

"పాత ముద్రలు చూసి, కేసు ఎవరు చేశారో చెప్పే ఆయన ఇక్కడే ఉంటారట?"

"నేనే!" అన్నారిద్దరూ, నిచ్చెన వదిలేసి ఎవరి వాటాలోకి వాళ్ళు దూరుతూ.

ఆయన ఎందుకైనా మంచిదని జేబు వాచీని సరిగ్గా అడ్డం కొసన, ఇద్దరికీ మధ్య పెట్టాడు. అన్న చటుక్కున లాక్కుని, చాకుమొనతో వెనక మూత లేపి, కంటికి భూతద్దం తగిలించాడు. మూత లోపల చిన్న ముద్ర. పొట్ట ఉంది, తోక ఉంది. తల లేదు.

"చాలామందికి చూపించానండీ. ఒకాయన ఇది ఆకు అన్నాడు. ఇంకొకాయన అసలు ముద్రే కాదు, కిందపడితే పడ్డ సొట్ట అన్నాడు."

"వాళ్ళ మొహం! ఇది పిట్ట. అచ్చు అంచు విరిగితే తల పడలేదు. ఈ చివర గరుగ్గా ఉంది చూడండి, అదే విరిగిన చోటు. కొత్త అచ్చు వచ్చేలోపు ఇలాంటివి ఏ నాలుగో అయిదో చేసుంటాడు. తలున్నవి ఎన్నయినా దొరుకుతాయి. తలలేని పిట్టని చూడటం నాకూ ఇదే మొదలు." అన్న వాచీని కళ్ళకద్దుకున్నాడు. "ఇది మా తాత ముద్రండీ."

"ఆయనకంత సీను లేదని చెప్పండి," అన్నాడు తమ్ముడు అడ్డం మీదుగా మెడ సాచి. "తాత ఎత్తుకు తిరిగింది నన్ను!"

"ఎత్తుకున్నప్పుడల్లా చొక్కా తడిపేవాడని చెప్పండి వాడికి!"

పెద్దమనిషి చెయ్యెత్తి ఆపాడు. "అంటే ఈ కేసు చేసినాయనకి వారసులు మీరేనన్నమాట. ఖాయమేనా?"

"నేనొక్కణ్ణే!" మళ్ళీ ఇద్దరూ. "పెయింటరూ, విన్నావుగా!"

పెద్దమనిషి స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "హమ్మయ్య. ఎన్నాళ్ళకి దొరికారండీ! ఈ వాచీ మా తాతది. తన పెళ్ళికి రైలెక్కడానికి వానలో బయల్దేరాడు. ఈ మూత సరిగ్గా బిగియలేదు. నీళ్ళు దిగి వాచీ ఆగిపోయింది. ఇంకా బోలెడు టైముందని ఆయన ఎవరి అరుగు మీదో తీరిగ్గా కూర్చున్నాడు. రైలు కాస్తా వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు పారిపోయాడనుకుని ఆడపెళ్ళివారు ఆ పిల్లని అప్పటికప్పుడు ఇంకొకడికి కట్టబెట్టేశారు. పోయేముందు మా తాత నాచేత ఒట్టు వేయించుకున్నాడు, ఈ కేసు చేసినవాడి వారసుల్ని ఎక్కడున్నా పట్టుకుని తీరాలని."

అన్న కళ్ళు ఆ బరువైన సంచీ మీద పడ్డాయి. అందులో ఏముందో ఏమో! కోర్టు కాగితాలా? ఇనప రాడ్డా? ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి అడ్డం పక్కకి తల తిప్పాడు.

"తమ్ముడూ, నువ్వోసారి చూడరా. నా కళ్ళు మునపట్లా లేవు."

"చూస్తానన్నయ్యా." తమ్ముడు వాచీని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. "మన తాత పిట్టకి తోక కిందికి కదూ? దీనికి పైకుంది."

"అవునవును! అయినా తాత చేసిన మూత వదులవడమేమిటి? ఆయన బిగిస్తే తియ్యడం ఆయన వల్లే అయ్యేది కాదు."

"ఇది పిట్టెలా అవుతుందన్నయ్యా? చేప! పక్కవీధి కొట్టు బట్టతలాయన లేడూ, వాళ్ళ తాత కొట్టేవాడే, ఆ చేప ముద్ర!"

"అదే. తోక పైకెత్తిన చేప. నా నాలిక చివరే ఉంది."

"మరి ఇందాక పిట్టన్నారు?" అన్నాడు పెద్దమనిషి.

"ఇందాక ఒక్కణ్ణే చూశానండీ. ఇప్పుడు అన్నదమ్ములిద్దరం ఒక్క మాట మీదున్నాం. అది అయ్యే పనేనేమో ఆ పెయింటర్నే అడగండి. ఒరేయ్, ముందు ఆ పిట్టని తుడిచెయ్!"

"ఇంకా గియ్యందే!" అన్నాడు పెయింటరు.

"అయినా తుడువు!"

పెద్దమనిషి ఫోను తీశాడు. "శిల్పిగారూ, తేలిపోయిందండీ. ఆకూ కాదు, పిట్టా కాదు, చేప. ఉలి పెట్టెయ్యండి. పేర్లు సాయంత్రానికి చెబుతా."

అన్న కంటి భూతద్దం ఊడదీశాడు. "శిల్పి... ఎందుకండీ?"

"ఆ పిల్లని కట్టుకున్నవాడు ఆవిడ నోటికి తాళలేక నెల తిరక్కుండా ఓడెక్కి పారిపోయాడటండీ. మా తాతకేమో బంగారంలాంటి మా బామ్మ దొరికింది. బతికినన్నాళ్ళూ పొద్దున్నే ఈ మూతకి దణ్ణం పెట్టుకున్నాడు. అందుకే ఊరి నడిబొడ్డున నేను కట్టిస్తున్న గడియారస్తంభానికి నాలుగు వైపులా ఆ మహానుభావుడి ముద్ర, కింద ఆయన వారసుల పేర్లు చెక్కిస్తున్నాను," పెద్దమనిషి సంచీ విప్పి పూలదండ తీసి సర్దుకుంటూ లేచాడు. "ఇంతకీ, ఆ బట్టతలాయన కొట్టుకి ఎటు వెళ్ళాలన్నారు?"