కెమిస్ట్రీ నోట్సు

"కంప్యూటర్ని ఫార్మాట్ కొట్టేస్తే పది నిమిషాల పని సార్. వైరస్‌తో పాటు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి," అన్నాడు మెకానిక్.

"కొట్టేయండి. నా ఫోటోలు ఫోన్లో ఉన్నాయి," అన్నాడు నాన్న.

"నా ఆటలు మళ్లీ ఎక్కించుకుంటా," అన్నాడు అన్నయ్య.

"అందులో నాకేముంది," అంది అమ్మ వంటింట్లోంచే.

"వద్దు."

ఆ మాట ఎవరన్నారా అని అందరూ వెనక్కి తిరిగారు. తలుపు పక్కన గోడకు అతుక్కుని చిన్నది నిలబడి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లు ఇచ్చి మాయమైపోయే పిల్ల. బళ్లో హాజరు పిలిస్తే పక్కవాళ్లు "వచ్చింది టీచర్" అని చెప్పాల్సిన పిల్ల.

"నోరుందే దీనికి," అన్నాడు అన్నయ్య. "ఏముంది నీది అందులో?"

"బడివి," అంది చిన్నది, కాళ్ల వేళ్లకేసి చూస్తూ.

అందులో ఉన్నవి బడివి కావు. నోటితో చెప్పలేనివన్నీ రెండేళ్లుగా రాసుకున్న డైరీ. కాగితం మీద రాస్తే అన్నయ్య చేతికి చిక్కుతుందని కంప్యూటర్లో రాసుకుని, ఆ ఫోల్డర్‌కి 'కెమిస్ట్రీ నోట్సు' అని పేరు పెట్టింది. ఆ పేరు చూస్తే అన్నయ్య ఆ ఛాయలకే రాడు.

"వెతకాలంటే సాయంత్రం దాకా పడుతుంది సార్. దొరుకుతాయని గ్యారంటీ కూడా లేదు," అన్నాడు మెకానిక్.

"బడి నోట్సు మళ్లీ రాసుకోవచ్చులేమ్మా," అన్నాడు నాన్న.

అప్పుడు మూలనున్న మంచం మీంచి నాయనమ్మ మాట వినిపించింది.

"పిల్ల వద్దంటోందిగా. వెతకనీ."

చిన్నది ఆశ్చర్యపోయింది. నాయనమ్మ తనను వెనకేసుకు రావడం ఇదే మొదలు. దవడలో లవంగం పెట్టుకుని, తను కనిపిస్తే చాలు కసురుకునే మనిషి. బస్సు బోర్డు మీద ఏముందో పక్కవాళ్లని అడిగి ఎక్కే మనిషి. ఆవిడకి కంప్యూటర్‌తో పనేముంది?

తల్లి మాటకి ఎదురు చెప్పే అలవాటు లేని నాన్న, సరే కానివ్వమన్నాడు.

మెకానిక్ కీబోర్డు తిరగేసి దులిపాడు. బిస్కెట్ పొడి, పెన్సిల్ ముక్కు, ఒక లవంగం రాలాయి. "ఇక్కడ వంట కూడా చేస్తారా సార్?" అన్నాడు. తర్వాత నల్లటి తెర మీద ఏవేవో కొడుతూ కూర్చున్నాడు. రెండుసార్లు టీ తాగాడు. మూడుసార్లు తల గోక్కున్నాడు. అతను తల గోక్కున్నప్పుడల్లా చిన్నది తెరకేసి మెడ సాచింది.

"పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది సార్ ఈ వైరస్. చిన్నపిల్లల అక్షరాల ఆట ఒకటుంది, దాంతో పాటు దూరింది. ఇంట్లో పలక పట్టే పిల్లలున్నారా?"

"పక్కింటి పాప ఒకతుంది. మధ్యాహ్నాలు మా అమ్మ దగ్గరే ఆడుకుంటుంది," అన్నాడు నాన్న.

నాలుగున్నరకి మెకానిక్ కుర్చీ వెనక్కి జరిపి ఒళ్లు విరుచుకున్నాడు. "పోలేదు సార్. వైరస్ దాచేసిందంతే. ఇవిగో."

తెర మీద పసుపు బొమ్మలు ఒక్కటొక్కటే తేలాయి. నాలుగో వరసలో తన ఫోల్డర్ కనిపించేసరికి చిన్నది ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఆ ఊపిరి అక్కడే ఆగిపోయింది.

"ప్రతి దాంట్లో ఒక ఫైలు తెరిచి చూపిస్తా. మీ చేత చదివిస్తా. అప్పుడే నా పని అయినట్టు," అన్నాడు మెకానిక్.

నాన్న ఫోటో తెరుచుకుంది. అన్నయ్య ఆట తెరుచుకుంది. ఆ తర్వాత పేరు కూడా పెట్టని 'న్యూ ఫోల్డర్' ఒకటి తెరిచాడు. పేజీ నిండా అ అ అ అ ఆ ఆ ఆ ఆ.

"ఇది కూడా వైరస్సేనా?" అంది అమ్మ, చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"పక్కింటి పాపే అయ్యుంటుంది," అన్నాడు నాన్న.

బాణం గుర్తు నాలుగో వరసకి జరిగింది. చిన్నది వద్దని అరవాలనుకుంది. ఒక్క రోజులో రెండోసారి నోరు విప్పడం తన వల్ల కాలేదు.

"ఆ కెమిస్ట్రీ జోలికి పోకు నాయనా," అంది నాయనమ్మ. "పిల్ల చదువులో మనకేం అర్థమవుతుంది? టీ చల్లారిపోతోంది, తాగు."

"మీ ఇష్టం మామ్మగారూ," అంటూ మెకానిక్ కప్పు అందుకున్నాడు.

అతన్ని సాగనంపడానికి నాన్న వీధిలోకి వెళ్లాడు. అన్నయ్య చెప్పులేసుకుని ఎటో పోయాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. చిన్నది మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఆ ఫోల్డర్ పేరు పొద్దుట్నుంచి ఎవరూ పైకి చదవలేదు. తనూ చెప్పలేదు.

మెల్లగా మంచం దగ్గరికి వెళ్లింది. "నాయనమ్మా, దాని పేరు కెమిస్ట్రీ అని నీకెలా..."

నాయనమ్మ లవంగాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకుంది. దిండు కింద చెయ్యి పెట్టి బాతు బొమ్మలా ఉన్న పెన్‌డ్రైవ్ తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"పక్కింటి పాపకి ఇచ్చెయ్, నా చదువు అయిపోయిందని చెప్పు. అలాగే నీ దాంట్లో 'నాయనమ్మకి నేనంటే పడదు' అని రాశావు చూడు, ఆ ఒక్క ముక్కా కొట్టెయ్యవే. అది నీ మీద కోపం కాదు, పన్ను నొప్పి."