ఐదో సింహాచలం

ఇంటి తలుపు తియ్యాలన్నా, పొయ్యి వెలిగించాలన్నా, దాచుకున్న జ్ఞాపకం చూసుకోవాలన్నా ఊరి వివరాలన్నీ దాచే నిల్వ గోదాం యంత్రాన్ని అడగాల్సిన రోజులవి. అడిగిందెవరో పోల్చుకోడానికి అది ప్రతిసారీ ఒక కొత్త సెషన్ నంబరు ఇచ్చేది. ఒకసారి ఇచ్చిన నంబరు లోకంలో ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

పైడితల్లి మనవడి బారసాల నాడు, పిల్లాడికి మొదటి నంబరు ఇవ్వడానికి గోదాం ఉద్యోగి వచ్చాడు. ఆవిడ చెప్పిన పేరు విని నవ్వేశాడు.

"ఇప్పటికే ఈ ఇంట్లో నలుగురు సింహాచలాలు ఉన్నారమ్మా!"

"నా కొడుక్కి ఆడిదంటూ ఓ పేరుండొద్దా అత్తా?" అంది కోడలు దిగులుగా.

"ఆడిదంటూ నంబరుంది కదే. పేరు మనందరిదీను," అంది పైడితల్లి.

"నంబరుంటే గోదాం పోల్చుకుంటుంది. మరి మీరెలా పోల్చుకుంటారు?" అన్నాడు ఉద్యోగి.

"పోల్చుకోడం మాకెందుకు బాబూ? ఒకుల్ని పిలిస్తే అందరూ రావాల!"

పైడితల్లి ఉయ్యాల మీదికి వంగి, "సింహాచలం!" అని గొంతెత్తి పిలిచింది.

పెరట్లోంచి పెద్దకొడుకు, వీధిలోంచి మరిది, మేడ మీంచి అల్లుడు, వంటింట్లోంచి పెద్దమనవడు పరుగున వచ్చారు.

ఉయ్యాల్లో ఐదోవాడు కేరుమన్నాడు. కోడలు దిగులు మరిచి నవ్వేసింది.

"సూసినావా బాబూ, ఈడూ పలికినాడు!" అంది పైడితల్లి.